పదిహేను ఖాళీ గళ్ళు

ఆర్ అనే కంప్యూటరు లెక్కల భాష నేర్పే తరగతిలో మూడో రోజు మధ్యాహ్నం మూడింటికి హ్యాంగ్రే తన ల్యాప్‌టాప్ మూత మీద ఎర్ర చీటీ అంటించి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎర్ర చీటీ అంటే సాయం కావాలని, పచ్చ చీటీ అంటే పని సాగుతోందని గుర్తు. నోరు తెరిచి అడగడానికి మొహమాటపడేవాళ్ళకి ఇదే మేలని చెప్పి, మొదటి రోజు పొద్దున్నే నంగూంగ్ డాక్టరు రెండు రంగుల కట్టలూ అందరికీ పంచిపెట్టాడు. ఇరవై ఇద్దరున్న ఆ గదిలో పచ్చ కట్ట ఇంకా విప్పనిది ఆమె ఒక్కతే. తెర మీద మళ్ళీ ఎర్ర అక్షరాలు. ఎర్ర అక్షరాలంటే తిట్టు కాదండీ, మనం చెప్పింది దానికి అర్థం కాలేదని మాత్రమే, అని డాక్టరు ఎన్నిసార్లు చెప్పాడో. అయినా యాభై ఏడేళ్ళ మనిషి రోజుకి నలభైసార్లు ఒక డబ్బా చేత అర్థం కాలేదనిపించుకుంటే అది తిట్టు కాక ఇంకేమిటి. ఉప్పునీళ్ళలో గుల్లలు ఏరి ఏరి మొద్దుబారిన వేళ్ళవి. ఒక మీట నొక్కితే రెండు పడతాయి. ఒకచోట కామా మిగిలిపోతుంది, ఇంకోచోట బ్రాకెట్టు మూతపడదు, కొరియన్ అక్షరాల్లోంచి ఇంగ్లీషు అక్షరాల్లోకి మారడం మరిచిపోతే వరసంతా పిచ్చిగీతలవుతుంది. మొదటి రోజంతా పెంగ్విన్లు. ఎక్కడో మంచు ఖండం మీది పెంగ్విన్ల ముక్కు పొడవులు, రెక్క పొడవులు, బరువులు. నేర్చుకునేవాళ్ళంతా ముందు వాటి మీదే చెయ్యి తిప్పుకుంటారట. గది మొత్తం పెంగ్విన్ల గీతలు గీసింది. ఆమె పెంగ్విన్లు మాత్రం మంచులోనే నిలబడిపోయాయి.

ఇవాళ ఎవరి లెక్కలు వాళ్ళు తెచ్చుకుని చెయ్యాలి. ఆమె తెచ్చింది మోరేపో అఖాతం బురద నేల మీద ఇరవై రెండేళ్ళపాటు లెక్కపెట్టిన వంపు ముక్కు ఉల్లంకులనే వలస పిట్టల లెక్క. లెక్కపెట్టింది గ్వాక్ మాస్టారూ ఆమే. మాస్టారు మొన్న ఫిబ్రవరిలో పోయారు. ఆ బురద నేలని పూడ్చి కార్ఖానాలకి చదును చెయ్యాలన్న పథకం మీద జనం అభిప్రాయాలు పంపడానికి ఇవాళే ఆఖరి రోజు, సాయంత్రం అయిదింటిలోపు. లెక్కలున్నాయి కానీ వాటి చేత మాట్లాడించేవాళ్ళు లేరు. మీరే వెళ్ళి నేర్చుకురండి, ఉచితంగా నేర్పుతున్నారట, అని పరిరక్షణ సమితి కార్యదర్శి ఆమె పేరు రాయించాడు. పేరు రాసుకున్న పిల్ల, ఏ విశ్వవిద్యాలయమండీ, అని అడిగింది. గుల్లలు ఏరేదాన్ని, అనబోయి, మోరేపో, అని ఊరుకుంది. అప్పట్నుంచి ఆమె మెళ్ళో వేలాడుతున్న అట్ట మీద పేరు, పేరు కింద మోరేపో. అదేదో పరిశోధనాలయం అనుకుంటున్నట్టున్నారు అందరూ.

డాక్టరు వచ్చి ఆమె కుర్చీ పక్కన గొంతుక్కూర్చున్నాడు. ముప్ఫై రెండేళ్ళుంటాయేమో, మోకాళ్ళ మీద అలా గంటలు గంటలు కూర్చోగలడు. తెర చూశాడు, రెండు మీటలు నొక్కాడు, ఎర్ర అక్షరాలు పోయాయి.

"టీచరుగారూ, దీని బాధ వేరే ఏం లేదు. ఇక్కడ చూడండి, చివర్లో పొద్దున చూపించిన ఖాళీ గళ్ళు ఇంకా అలాగే ఉన్నాయి. పదిహేను. వీటిని ఏమనుకోవాలో దానికి తెలీడంలేదు."

టీచరుగారూ అన్న ప్రతిసారీ ఆమెకి వెనక్కి తిరిగి చూడాలనిపిస్తుంది. ఇక్కడ అందరూ అందర్నీ అలాగే పిలుస్తారు. టీచరు ఆయన కదా, పోయారు కదా.

"ఖాళీ అంటే ఖాళీయే కదండీ," అంది.

"కాదండీ, మళ్ళీ చెప్తాను, ఖాళీలు రెండు రకాలు. వెళ్ళాం, చూశాం, ఒక్క పిట్టా లేదు, అప్పుడు సున్నా వెయ్యాలి. అసలు ఆ రోజు వెళ్ళనే లేదు, అప్పుడు సున్నా వెయ్యకూడదు. ఎన్, ఏ అని రెండక్షరాలు వెయ్యాలి. తెలియదు, అని దాని భావం. లేదు అనడం వేరు, తెలియదు అనడం వేరు. ఈ రెండూ కలిసిపోయాయంటే ఇరవై రెండేళ్ళ లెక్కా పాడైపోతుంది." మెల్లిగా, చిన్నపిల్లకి చెప్పినట్టు కాకుండా, తోటివాడికి చెప్పినట్టు చెప్పాడు. "మీకు గుర్తుంటుందిగా. ఇవి ఏ రకం?"

వెనక వరసలో ఇంకో ఎర్ర చీటీ లేచింది. ఆలోచించి చెప్పండి, అని అతను లేచి వెళ్ళాడు. తెర మీద ఓ నిలువు గీత, తరవాతి అక్షరం కోసం, ఖాళీ గడిలో వెలుగుతూ ఆరుతూ ఉంది.

మాస్టారు సున్నా రాసేవారు కాదు. అదీ సంగతి. పుస్తకం ఆయనది, పెన్సిలు ఆయనది. పొగమంచులో పెన్ను అలుక్కుపోతుందని పెన్సిలే వాడేవారు. ఏటా జనవరిలో ఆటుపోట్ల పట్టిక ముందేసుకుని, పున్నమి పోటుకీ అమావాస్య పోటుకీ నీళ్ళు కట్ట దాకా వచ్చే రోజులన్నీ చూసి, ఏడాది మొత్తానికి తేదీ, పోటు వేళ, నీటి ఎత్తు ఒక్కసారే రాసి గళ్ళు గీసి పెట్టుకునేవారు. కాబట్టి గడి ఉందంటే ఆ రోజు వెళ్ళారని కాదు. వెళ్ళాలనుకున్నారని. వెళ్ళినా, వంపు ముక్కు ఉల్లంకులు ఒక్కటీ కనిపించకపోతే ఆ గడిలో ఏమీ రాయకుండా పుస్తకం మూసేవారు. సున్నా చుట్టండి మాస్టారూ, అంటే, మనం చూడకుండా ఎక్కడో ఒకటి ఉండే ఉంటుందే, మన చేత్తో మనం లేదని ఎందుకు రాయాలి, అనేవారు. బళ్ళో ముప్ఫై ఏళ్ళు సైన్సు చెప్పిన మనిషి. మంచివాళ్ళకి కూడా ఏదో ఒక మొండితనం ఉంటుంది, అదే చివరికి పక్కవాళ్ళ నెత్తిన పడుతుంది. నిన్నా మొన్నా రాత్రి కూర్చుని ఆమె పాత ఖాళీలన్నీ తన జ్ఞాపకంలోంచి నింపుకుంటూ వచ్చింది. ఈ రోజు వెళ్ళాం, గాలి ఎక్కువ, లేవు, సున్నా. ఈ రోజు తుపాను, కట్ట మీదికి పోనివ్వలేదు, వెళ్ళలేదు. ఈ రోజు మా పెద్దమ్మాయి పురుడు, నేను లేను, కానీ ఆయన వచ్చి చెప్పారు, లేవని. ఒక్కో గడీ ఒక్కో రోజు. ఇన్ని రోజులు తనలో పడి ఉన్నాయని ఆమెకే తెలియదు. ఏడేళ్ళ కిందటి ఒక ఏప్రిల్ రోజు ఎండలో కట్ట రాళ్ళు ఎలా కాలాయో కూడా గుర్తొచ్చింది. చివరి పదిహేనూ మాత్రం గుర్తు లేక కాదు. ఆమె అక్కడ లేదు.

"మీ పిట్టలు ఎగరట్లేదా అక్కగారూ?" పక్క కుర్చీలోంచి బ్యోన్ వంగి చూశాడు. ఎత్తు కొండల మీద పార్కు ఆఫీసులో పని, ఎండిపోతున్న ఫిర్ చెట్లు లెక్కపెడతాడు. నలభై దాటిన మనిషి, మూడు రోజులుగా పొద్దుటా సాయంత్రం ఆమెకి కాఫీ కలిపి తెస్తున్నాడు, మూడు పొట్లాలు ఒకే కప్పులో వేసి. "నా చెట్లు నయం. ఎక్కడికీ పోవు. చచ్చినా అక్కడే నిలబడి ఉంటాయి, వెళ్ళి తట్టి చూసుకోవడమే."

ఆమె విషయం చెప్పింది. అతను కాసేపు తల గోక్కున్నాడు.

"సున్నాలు వేస్తే ఏమవుతుంది?"

"గీత కిందికి పడిపోతుందట. పిట్టలు తగ్గిపోయాయని గట్టిగా రుజువవుతుందట. పొద్దున డాక్టరే ఉత్తుత్తికే వేసి చూపించాడు."

"వెయ్యకపోతే?"

"ఏం చెప్పలేం అంటుందట."

"మరయితే మీ సమితి వాళ్ళకి సున్నాలే కావాలి."

"మధ్యాహ్నం నుంచి నాలుగుసార్లు ఫోన్లో రాశాడు కార్యదర్శి. సున్నాలు వేసెయ్యండి అక్కా, అవి సున్నాలే, మనకి తెలీదా, అని."

బ్యోన్ నవ్వాడు, కానీ ఎగతాళిగా కాదు. "సున్నాలు పెట్టారనుకోండి, పిట్టలే లేని చోట పూడిస్తే మీకేమిటండీ నష్టం అంటారు. ఖాళీ వదిలేశారనుకోండి, తగ్గాయని రుజువేదండీ అంటారు. మా కొండ మీదా ఇదే పాట. మీకో మాట చెప్పనా అక్కగారూ, మనం ఇద్దరం ఇక్కడికొచ్చి నేర్చుకుంటున్నది లెక్కప్రకారం ఓడిపోవడం."

అతని కాఫీలో చక్కెర ఎక్కువ. ఆమె తాగింది. ఇలాంటి కాఫీయే మాస్టారు ఫ్లాస్కులో తెచ్చేవారు, కట్ట మీద గాలికి మూత పట్టుకుని ఉండాల్సి వచ్చేది. మొదటిసారి ఆయన్ని చూసినప్పుడు ఆమెకి ముప్ఫై అయిదు. నడుముకి బుట్ట కట్టుకుని బురదలోంచి వస్తోంది, కట్ట మీద టోపీ పెట్టుకున్న మనిషి మూడు కాళ్ళ దుర్భిణీ గొట్టంలోంచి సముద్రం కేసి చూస్తున్నాడు. పోలీసు అనుకుంది. ఇటు చూడమ్మా, అని గొట్టం ఇచ్చారు. రోజూ తన వెనకాల తిరిగే పిట్టలే, తను లేపిన బురదలో ఎండ్రకాయల్ని ఏరుకు తినే పిట్టలే, గొట్టంలో మాత్రం కొడవలిలా వంగిన ముక్కు, ఆ ముక్కు చివర నీటి బొట్టు, కంటి చుట్టూ తెల్లని అంచు. మూడు బారల దూరంలో ఇన్నేళ్ళు తిరిగినా చూడలేదని అప్పుడు తెలిసింది. ఎన్ని ఉంటాయంటావ్, అని అడిగారు. నాలుగు వందల పాతిక, అంది. ఆయన నవ్వారు, గంట సేపు చేతి లెక్కమిషను నొక్కుకుంటూ లెక్కపెట్టారు. నాలుగు వందల ముప్ఫై ఒకటి. ఎలా చెప్పావే, అన్నారు. గుల్లల బుట్ట చూసి ఎన్నున్నాయో చెప్పడం మాకు అలవాటే సార్, ఎత్తుకుంటే బరువులో తెలిసిపోతుంది, అంది. ఆ రోజు నుంచి ఆయన పెన్సిలు, ఆమె కన్ను. ఒక్కసారి ఆమె, ఇవాళ కొన్ని ఎక్కువే ఉన్నాయి మాస్టారూ, అంటే మండిపడ్డారు. కొన్ని అనేది అంకె కాదు హ్యాంగ్రే. కొన్ని అని రాస్తే ఆ గడిలో ఏమీ రాయనట్టే. ఇరవై రెండేళ్ళలో ఆయన నోట ఆ మాట ఆమె వినలేదు.

వినలేదా. ఆమె చెయ్యి కప్పు మీద ఆగింది.

విన్నది. పదిహేనుసార్లు విన్నది.

కిందటేడుకి ముందటేడు సెప్టెంబరు, అమావాస్య పోటు. ఆకాశం మబ్బు, నీళ్ళు బూడిద రంగు, మూడు గంటలు నిలబడ్డారు. అవతలి అఖాతంలో కట్ట పూర్తయి తూములు మూసేసిన మూడో ఏడు అది, ఇటు బురద కూడా పై పొర గట్టిపడి అడుగులో ఉక్కు రంగుకి తిరిగింది, తవ్వితే కుళ్ళు వాసన. నాలుగు సముద్రపు కాకులు తప్ప ఏమీ లేవు. ఆయన కుర్చీ వేసుకుని కూర్చుని, ఏవీ, చెప్పు, నువ్వు చెప్తే నేను రాస్తా, అంటున్నారు. ఆ సంవత్సరం అంతా అంతే, గొట్టం ఆమెకే వదిలేసి తను కుర్చీలో. ఆమెకి ముందు రోజు మోకాలికి సూది వేశారు. లేవు మాస్టారూ, అంది. సరిగ్గా చూడు. లేవు. ఎడమ పక్క, పాత పడవ దగ్గర చూడు. పడవ దగ్గరా లేవు, పడవ వెనకా లేవు, ఎక్కడా ఏమీ లేవు, మనం బురదని లెక్కపెడుతున్నాం మాస్టారూ, ఇద్దరు పిచ్చివాళ్ళం. గొంతు ఎందుకు అంత లేచిందో ఇప్పటికీ తెలియదు. నేనిక రాను, అంది. ఆయన సరే అనలేదు, రావద్దనలేదు. పెన్సిలు పుస్తకంలో పెట్టి మూశారు. ఆమె రెండు వారాల తరవాత నూడుల్స్ హోటల్లో శనాదివారాలు కూడా పనికి కుదిరింది, పిండి పిసకడం, గుల్లలు కడగడం. ఆ గుల్లలు ఎక్కడో దక్షిణాన్నుంచి లారీలో వచ్చేవి. పోటు రోజు సాయంత్రం ఫోను మోగేది. హ్యాంగ్రే, వచ్చాయి. ఎన్ని మాస్టారూ. కొన్ని. అంతే, పెట్టేసేవారు. కోపం మీద అంటున్నారనుకుంది. ముసలాయన నన్ను కుళ్ళబెట్టడానికి అంటున్నాడని, వస్తానని నేనే బతిమాలాలని చూస్తున్నాడని, పిండి చేతుల్తో ఫోను భుజానికి నొక్కి పట్టుకుని, అలాగా మంచిది మాస్టారూ, అనేది. పదిహేనుసార్లూ అలాగే అంది. కొన్ని అనేది అంకె కాదని ఆయనకి ఒక్కసారి కూడా గుర్తు చెయ్యలేదు. చేసుంటే. చేసుంటే ఏమనేవారు.

కొన్ని వచ్చుంటే ఎందుకు రాయలేదు. రాకపోతే వచ్చాయని ఎందుకు చెప్పారు. అసలు వెళ్ళారా. అప్పటికే కడుపులో జబ్బు మొదలైందేమో, మంచం మీద పడుకునే ఫోను చేశారేమో. వెళ్ళుంటే సున్నాలు, వెళ్ళకపోతే రెండక్షరాలు. ఆయన పుస్తకం నిండా ఆయన రాతే, ఈ ఒక్కటీ మాత్రం రాయలేదు. అక్కడ నిలబడాల్సిన ఇంకో మనిషి హోటల్లో నూడుల్స్ కోస్తోంది. ఫోను మళ్ళీ వణికింది. కార్యదర్శి. అక్కా నాలుగైంది. వేసేశారా.

సున్నా మీట చాలా పెద్దదిగా కనపడింది ఆమెకి. వెయ్యడం ఎంతసేపు. పదిహేనుసార్లు నొక్కితే చాలు. పైగా అబద్ధం అని ఎవరంటారు, ఆమెకంటే బాగా ఎవరికి తెలుసు, లేవని ఆమే కదా అరిచింది. వేలు మీట మీద పెట్టింది. ఒకటి పడింది. గడిలో గుండ్రంగా, నున్నగా కూర్చుంది. తేదీ చూసింది. కిందటేడు ఏప్రిల్, పున్నమి పోటు. ఆ సాయంత్రం ఆయన గొంతులో దగ్గు ఉంది, వచ్చాయి హ్యాంగ్రే, అని మధ్యలో ఆగి దగ్గారు. ఆ మాట మీద ఈ సున్నా ఎలా పెడుతుంది. చెరిపేసింది. చెరిపి, వరండాలోకి వెళ్ళి మాస్టారి భార్యకి ఫోను చేసింది. చెయ్యాలని పొద్దున్నుంచీ తెలుసు. అంత్యక్రియల రోజు తరవాత ఆమెతో మాట్లాడలేదు. ఆ రోజు కూడా ముందుకెళ్ళి తల వంచి వచ్చేసింది, మొహం చూడలేదు.

"అమ్మగారూ, నేను హ్యాంగ్రేని."

"తెలుసులే, పేరు పడుతుందిగా ఇందులో. భోంచేశావా?"

"తిన్నానమ్మగారూ. ఒక్క మాట అడగాలి. చివరి ఏడాదిన్నర, పోటు రోజుల్లో మాస్టారు కట్ట మీదికి వెళ్ళేవారా?"

"ఎందుకెళ్ళలేదూ, నేనేగా తీసుకెళ్ళేదాన్ని. ఒక్కటి మానలేదు. ఒళ్ళు బాగాలేదు వద్దంటే కారు తాళాలు పట్టుకుని గుమ్మంలో కూర్చునేవాడు. నడపడానికి తను పనికిరాడాయె."

"పనికిరాకపోవడమేంటండీ?"

అటువైపు గిన్నె దేనిమీదో పెట్టిన చప్పుడైంది.

"నీకు చెప్పలేదా? నీకు తెలుసనే అనుకున్నానే. కళ్ళు కదా. నీటికాసులు. నువ్వింకా వెళ్తున్నప్పుడే మొదలైంది, ఆ ఏడాది వేసవికే సగం పోయింది చూపు. చుట్టూ ఏమీ కనపడేది కాదు, మధ్యలో ఏదో మసక. హ్యాంగ్రేకి చెప్పకు, జాలిపడి మోస్తుంది, అన్నాడు. నువ్వు చెప్తుంటే రాసుకుంటున్నాడు కదా, గడిచిపోతోందిలే అనుకున్నా."

వరండా కిటికీలోంచి చూస్తే కింద సైకిళ్ళ వరస. ఒక సైకిలు పక్కకి పడి ఉంది. నువ్వు చెప్తే నేను రాస్తా. సరిగ్గా చూడు. పడవ దగ్గర చూడు. ఆయన చూడలేక అడుగుతున్నారు, ఆమె బద్ధకం అనుకుంది, లేవు లేవు అని ఆయన చీకటి మొహాన అరిచి, ఆ ఒక్క జత కళ్ళూ తీసుకుని వెళ్ళిపోయింది.

"మరి, కట్ట మీదికెళ్ళి ఏం చేసేవారమ్మగారూ?"

"ఏం చేస్తాడు, ఆ గొట్టం బిగించుకుని కూర్చునేవాడు. పోటొచ్చే వేళకి, ఉన్నాయా, అని అడిగేవాడు నన్ను. నాకేం తెలుసమ్మా పిట్టల సంగతి. నాకు కోడికీ బాతుకీ తేడా తెలుసు, అంతే. దూరంగా ఏదో కదిలితే, ఉన్నాయండీ, అనేదాన్ని. కదలకపోయినా ఉన్నాయనే అనేదాన్ని. ముసలాయన ఆ గాలిలో అలా మొహం పెట్టుకుని కూర్చుంటే లేవని ఎలా అంటావ్? ఎన్ని, అనేవాడు. కొన్ని, అనేదాన్ని. ఇంకేం రాసేవాడు కాదు. ఇంటికొచ్చి నీకు ఫోను చేసుకునేవాడు."

హ్యాంగ్రే గోడకి ఆనుకుంది.

"వింటున్నావా? నేను చేసింది తప్పా హ్యాంగ్రే? ఆయన పోయినప్పట్నుంచీ అనుకుంటూనే ఉన్నా. అబద్ధమాడానేమోనని. లేకపోతే నిజంగా ఉన్నాయేమో కూడా. ఏవో కనపడేవి. బూడిద రంగువి. నువ్వు చెప్పు, నీకు తెలుస్తుంది కదా."

గదిలోంచి బ్యోన్ తలుపు తీసి చేత్తో గడియారం చూపించాడు. నాలుగు ఇరవై.

"ఉండే ఉంటాయమ్మగారూ," అంది. "ఆ నెలల్లో బూడిద రంగువంటే అవే అయ్యుంటాయి." తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది. అటువైపు పెద్దావిడ ఊపిరి వదలడం వినిపించింది, తరవాత, కిమ్చీ పచ్చడి పెట్టాను, వచ్చి పట్టుకెళ్ళు, అంది, ఇంకేదో అంది. సరే అంది ఆమె అన్నిటికీ.

లోపలికి వచ్చేసరికి డాక్టరు ఆమె కుర్చీ దగ్గరే ఉన్నాడు. మొహం చూసి కూర్చోమన్నాడు, నీళ్ళు తెచ్చిచ్చాడు.

"తెలిసిందా టీచరుగారూ? వెళ్ళారా?"

"వెళ్ళారు. పదిహేనుసార్లూ వెళ్ళారు."

"అయితే సున్నాలు వేద్దామా?"

"కాదు."

"అంటే, ఉన్నాయా పిట్టలు?"

"తెలీదు. ఆయనకి కళ్ళు కనపడేవి కాదట. పక్కనున్నావిడకి పిట్టలు తెలీవు. నాకు తెలుసు, నేను లేను."

డాక్టరు చాలాసేపు ఆ పదిహేను గళ్ళనీ చూశాడు. వెళ్ళినవాడికి ఒక గుర్తు, వెళ్ళనివాడికి ఒకటి. వెళ్ళి, గాలిలో కూర్చుని, ఉన్నాయా అని అడిగినవాడికి అతని భాషలో విడిగా ఏమీ లేదని ఆమెకి అతను చెప్పకుండానే తెలిసింది.

"ఎన్.ఏ. నే వెయ్యాలండీ," అన్నాడు చివరికి, తను చేసిన తప్పేదో ఒప్పుకుంటున్నట్టు. "నేను వెయ్యనా?"

"నేనే వేస్తాను."

వేసింది. రెండక్షరాలు, కిందికి బాణం. రెండక్షరాలు, కిందికి బాణం. ఒక్కో తేదీకీ ఆగి, ఆ సాయంత్రం హోటల్లో తను ఏం చేస్తోందో గుర్తు చేసుకుంటూ. పిండి. పిండి. గిన్నెలు. మనవరాలికి జ్వరం, ఫోను ఎత్తలేదు, ఆయన మళ్ళీ చేశారు. పదిహేనోది అయ్యాక డాక్టరు చూపించిన మీట నొక్కితే ఎర్ర అక్షరాలు రాలేదు. గీత వచ్చింది. ఎడమ నుంచి కుడికి వాలుతూ వచ్చి, చివరికి వచ్చేసరికి దాని చుట్టూ బూడిద రంగు పట్టీ ఒకటి వెడల్పై, వెడల్పై, పైకీ కిందికీ తెరంతా పరుచుకుంది. ఆ పట్టీ వెడల్పుగా ఉందంటే, అని డాక్టరు మొదలెట్టి, పైకి వెళ్ళుండొచ్చు, కిందికి వెళ్ళుండొచ్చు, అని ఆపేశాడు. చెప్పలేం అన్నమాట, అంది ఆమె. చెప్పలేం, అన్నాడు. బ్యోన్ తన కుర్చీలోంచి చూసి, ఈసారి ఏమీ జోకు వెయ్యలేదు. లేచి కాగితాలు తీసే మిషను దగ్గరికి వెళ్ళి ఆమె గీతని పట్టుకొచ్చాడు.

నాలుగు యాభైకి పంపించింది. కార్యదర్శికి ఫోన్లో నాలుగు ముక్కలు రాసింది: సున్నాలు వెయ్యలేదు, వెయ్యలేకపోయాను. చదివినట్టు గుర్తు పడింది, జవాబు రాలేదు. పూడ్చే పథకం మీద విచారణ రోజు ఏం జరుగుతుందో ఆమెకి ఇక్కణ్ణుంచే వినిపిస్తోంది. చక్కటి కోటు వేసుకున్నాయన ఎవరో లేచి, స్థానిక సమితి వారి సొంత విశ్లేషణ ప్రకారమే పిట్టలు తగ్గినట్టు నిర్ధారణ కాలేదు, అని ఒక్క వాక్యం చదివి కూర్చుంటాడు. అబద్ధమేమీ కాదు. ఇరవై రెండేళ్ళకీ అర నిమిషం పడుతుంది. నేనేమైనా మాట్లాడొచ్చా, అని లేస్తే, మీరేం చదువుకున్నారండీ, అంటారు. ఆర్ నేర్చుకున్నానండీ, మూడు రోజులు.

గదిలో కుర్చీలు జరుపుతున్నారు. అందరికీ ధ్రువపత్రాలు పంచారు, ఆమెకీ ఒకటి, గట్టి కాగితం మీద పేరు, మోరేపో. ఫొటో దిగారు. బ్యోన్ బస్సుకి టైమైందని, కొండకి ఓసారి రండి అక్కగారూ, చచ్చిన చెట్లు చూపిస్తాను, అని రెండు చేతులతో ఆమె చెయ్యి పట్టుకుని ఊపి వెళ్ళిపోయాడు. ఆమె తీగలు చుట్టి అరువు తెచ్చిన ల్యాప్‌టాప్ సంచిలో పెడుతుంటే నంగూంగ్ డాక్టరు వచ్చి, ఎదురుగా, భుజాన బ్యాగు పట్టీ పట్టుకుని నిలబడ్డాడు. ఏదో అడగాలని సిగ్గుపడుతున్నట్టున్నాడు.

"టీచరుగారూ, నేను పదేళ్ళుగా పిట్టల లెక్కలు చేస్తున్నాను. వేలకు వేలు చేశాను. వంపు ముక్కు ఉల్లంకిని మాత్రం ఒక్కసారీ చూడలేదు. ఎలా అరుస్తుందది?"

అదా, అంది ఆమె. దానికేముంది. బళ్ళో పిల్లలొచ్చినప్పుడల్లా కట్ట మీద నిలబడి ఆమే అరిచి వినిపించేది. మాస్టారు, ఇదిగో మా ఉల్లంకి, అనేవారు. ఒకసారయితే గుంపులోంచి ఒకటి తల తిప్పి చూసింది కూడా. ఆమె సంచి బల్ల మీద పెట్టి, పెదాలు గుండ్రంగా చుట్టి, గడ్డం కొంచెం ఎత్తింది. ముందు కింద నుంచి మొదలై సాగుతూ పైకి పోవాలి, పైన ఒక్క విరుపు. ఊపిరి వదిలింది. వచ్చింది ఒక ఈల. బాగానే ఉంది, పొడుగ్గానే ఉంది. డాక్టరు మొహం వెలిగింది. ఆమె మాత్రం తల అడ్డంగా ఊపింది.

"ఇది కాదు," అంది. "ఇది సముద్రపు కాకి."

మళ్ళీ పెదాలు చుట్టింది. పైన విరుపు ఒకటా, రెండా. విరిగాక ఆగుతుందా, జారుతుందా. కళ్ళు మూసుకుని బురద నేల మీదికి వెళ్ళి నిలబడింది, పోటు నురగ చప్పుడు వినిపించింది, గాలి వినిపించింది, కట్ట రాళ్ళలో నీళ్ళు గుటకలేసే చప్పుడు వినిపించింది. రెండోసారి వచ్చింది మొదటిదాని కంటే దూరంగా ఉంది.

"కాస్త ఆగండి," అంది. "వస్తుంది. నోట్లోనే ఉంది."

"పరవాలేదండీ," అన్నాడతను. దీపాలు ఆర్పడానికి వచ్చిన మనిషి తలుపు దగ్గర ఆగాడు. డాక్టరు అతనికి చెయ్యెత్తి కాస్త ఉండమని సైగ చేసి, బ్యాగు కింద పెట్టి, ఆమె మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. ఆమె మూడోసారి ఊపిరి పీల్చుకుంది.